చీకటి ఎక్కడుందో మనమే గుర్తిద్దాం: గోదావరి డెల్టా పట్టణాలకు ఒక భద్రతా పటం

లాకుల వీధి | ఆదివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. నేను ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తాను. రెండో షిఫ్టు ముగించుకుని సెంటరులో బస్సు దిగేసరికి రాత్రి పది అవుతుంది. అక్కడినుంచి ఇంటికి కాలువ గట్టు మీదుగా పది నిమిషాల నడక. ఎడమవైపు నీళ్లు, కుడివైపు కొబ్బరితోట ప్రహరీ. మధ్యలో ఒక్క ఇల్లు లేదు, ఒక్క దుకాణం లేదు, గట్టుకు రెయిలింగు లేదు. లాకుల దగ్గరినుంచి చిన్న వంతెన వరకు దీపాలు వెలగక నెలన్నర అయింది.

మొన్న గురువారం నా ముందు సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన ఎదురుగా వచ్చిన ట్రాక్టరు వెలుగుకు కళ్లు చెదిరి కాలువలో పడ్డారు. ఇప్పుడు కాలువ నిండా గుర్రపుడెక్క పట్టి ఉంది. పగలు చూస్తే పచ్చిక బయలులా ఉంటుంది. రాత్రి గట్టు ఎక్కడ ముగిసిందో, నీరు ఎక్కడ మొదలైందో తెలియదు. ట్రాక్టరు నడిపే కుర్రవాడు వెంటనే దూకాడు కాబట్టి ఆయన బతికారు. నేను ఒడ్డున నిలబడి ఫోను దీపం పట్టుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ దీపాల గురించి అంతకుముందే ఫోనులో ఫిర్యాదు పెట్టి ఉన్నాను. నాలుగో రోజు ‘పరిష్కరించాము’ అని సందేశం వచ్చింది. ఆ సందేశాన్ని నేను ఆ చీకట్లోనే నిలబడి చదివాను.

మన ఊళ్లలో ఏ మలుపు దగ్గర గుండె దడ పుడుతుందో, ఏ కల్వర్టు మీద బండి జారుతుందో అక్కడ రోజూ నడిచేవారికి తెలుసు. తెలిసిందంతా ఎవరి మనసులో వారికి ఉండిపోతోంది. దాన్ని ఒక పటం మీద పెట్టగలమా? ఇలాంటి పని చేసినవారు, చూసినవారు ఉంటే చెప్పండి. సలహాలు కాదు, చేతులు కావాలి.

కోటిలింగాల రేవు | ఆదివారం, రాత్రి 11:15

రాజమహేంద్రవరం నుంచి నేను వస్తాను. మాకూ రేవుల వెంబడి ఇలాంటి చోట్లు ఉన్నాయి. ముందు మీరు క్షేమంగా ఇల్లు చేరుతున్నారా? దీపాలు వచ్చేదాకా ఎవరినైనా సెంటరు దాకా రమ్మనండి అమ్మా. పటం సంగతి తరువాత.

పాత లైన్‌మన్ | సోమవారం, ఉదయం 6:05

ముప్పై ఏళ్లు స్తంభాలు ఎక్కి దిగినవాడిని, ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. మీ ఫిర్యాదు ఎందుకు మూతపడిందో ఊహించగలను. ‘కాలువ గట్టు మీద దీపాలు లేవు’ అని రాసి ఉంటారు. పనివాడు పగలు వస్తాడు, గట్టు మీద ఎక్కడో ఒక దీపం మారుస్తాడు, పని అయిపోయిందని రాస్తాడు. అతను మోసం చేశాడని కూడా అనలేం, ఏ దీపమో మీరు చెప్పలేదు.

స్తంభం మీద నంబరు ఉంటుంది. రంగు వెలిసిపోయినా దగ్గరికి వెళ్లి చూస్తే కనిపిస్తుంది. ఆ నంబరు రాయండి. అది లేకపోతే లాకుల నుంచి ఎన్నో స్తంభమో లెక్క పెట్టి రాయండి. ఇంకొకటి చూడాలి: ఒక్క దీపమే ఆరిందా, వరుస మొత్తం ఆరిందా? ఒక్కటే అయితే దీపంలోనో, దాని లోపల కరెంటును సరిచేసే డ్రైవరు అనే భాగంలోనో లోపం. వరుస అంతా ఆరితే దీపాలు మార్చి లాభం లేదు. వీధిదీపాలకు వేరే తీగ నడుస్తుంది, దానికి ఒక స్విచ్ పెట్టె ఉంటుంది. తప్పు ఆ పెట్టెలోనో, టైమరులోనో, తెగిన తీగలోనో ఉంటుంది. డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది, జూన్‌లో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది. టైమరును కాలానికి తగ్గట్టు మార్చకపోతే చలికాలంలో మొదటి గంట అంతా చీకటే.

దీపం పురపాలక సంఘానిది, పంచాయతీలో అయితే పంచాయతీది. తీగ, స్తంభం చాలాచోట్ల విద్యుత్ పంపిణీ సంస్థవి. తీగ తెగి వేలాడుతుంటే దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి. ఎవరి పని ఎవరిదో తెలియకుండా పెట్టిన ఫిర్యాదు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మీ పటంలో మొదటి గడి స్తంభం నంబరు, రెండోది ‘ఒక్కటా, వరుసా’ అన్నది ఉంటే నేను వెంట నడుస్తాను. మోకాళ్లు నొప్పే గాని సాయంకాలం నడవగలను.

పటాల బల్ల | సోమవారం, రాత్రి 9:30

లాకుల వీధి గారూ, మీరు అడిగిన పని ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. 2008లో కెన్యాలో ఎన్నికల తరువాత హింస చెలరేగినప్పుడు ఎక్కడ ఏమి జరుగుతోందో ప్రజలే సందేశాలు పంపితే పటం మీద పెట్టారు. దాని పేరు ఉషాహిది. స్వాహిలీ భాషలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. 2015లో చెన్నై మునిగినప్పుడు, ఎవరైనా వివరాలు చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ పటం మీద ఏ వీధిలో నీళ్లు నిలిచాయో జనమే గీతలు గీశారు. అదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను మన ఊళ్లకూ వాడుకోవచ్చు, ఎవరికీ పైసా కట్టనక్కరలేదు.

మీ అవసరానికి దగ్గరగా ఉన్నది సేఫ్టీపిన్. ఢిల్లీ పరిసరాల్లో 2013లో మొదలైంది. ఒక చోట నిలబడి తొమ్మిది సంగతులు చూసి రాస్తారు. వెలుతురు ఎంత, చుట్టూ ఎంత దూరం కనిపిస్తుంది, కిటికీలు, దుకాణాలు దారివైపు తెరుచుకున్నాయా, మనుషులు తిరుగుతున్నారా, వారిలో ఆడవారు ఎందరు, కాపలా ఉందా, నడిచే బాట ఎలా ఉంది, బస్సో ఆటోనో దొరుకుతుందా, చివరగా అక్కడ నిలబడితే మీకు ఎలా అనిపిస్తోంది. ఈ ఆఖరి ప్రశ్న నాకు చాలా నచ్చింది. మీ గట్టునే తీసుకోండి. రేపు దీపాలన్నీ వెలిగినా ఒకవైపు ప్రహరీ, ఒకవైపు నీరు, మధ్యలో ఒక్క కిటికీ లేదు. వెలుతురుకు మంచి మార్కులు వస్తాయి, అనుభూతికి రావు. తేడా ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

బ్రిటన్‌లో 2007 నుంచి ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వేదిక నడుస్తోంది. గుంతలు, ఆరిన దీపాల గురించి ఫిర్యాదు అందరికీ కనిపించేలా పెడతారు. నాలుగు వారాల తరువాత ఫిర్యాదు చేసినవారినే అడుగుతారు: బాగైందా? ‘పరిష్కరించాము’ అని చెప్పవలసింది మరమ్మతు చేసినవారు కాదు, అక్కడ నడిచేవారు. మనం పటం గీస్తే ఈ ఒక్క నియమం వదలకూడదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారికి దీపాలు ఉన్నాయా అని రాసే వీలుంది. స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ మనం నడుస్తుండగా ఆ ప్రశ్నే అడుగుతుంది. అయితే ఈ వారం దీపం ఆరింది, మొన్న రాయి పడింది వంటివి అందులో పెట్టకూడదు. అది శాశ్వతమైన వివరాలకే. ఫిర్యాదులకు ఆ పటం మీదే, మన గుర్తులు పెట్టుకునే యూమ్యాప్ అనే సాధనంతో వేరే పొర తయారుచేద్దాం. ఆ పని నేను చేస్తాను.

రెండో హెచ్చరిక | సోమవారం, రాత్రి 10:40

నేను అడ్డుపడుతున్నానని అనుకోవద్దు. కానీ పన్ను కడుతున్నాం, దీపాలు చూడడానికి జీతం తీసుకునే మనుషులు ఉన్నారు. ఇప్పుడు ఆ పని కూడా రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఆడపిల్ల చేయాలా? మనం లెక్క రాసి ఇస్తాం, వాళ్లు తీరిగ్గా చూస్తారు. రేపు ఏదైనా జరిగితే ‘మీ పటంలో ఆ చోటు లేదే’ అంటారు.

ఇంకో భయం ఉంది. ఫోను ఉండి, తీరిక ఉండి, ఫిర్యాదు రాయడం తెలిసిన వీధికే దీపాలు వస్తాయి. అమెరికాలోని బోస్టన్‌లో రోడ్ల గుంతలను ఫోన్లే పసిగట్టే యాప్ పెట్టారు. మంచి ఫోన్లున్న పేటల గుంతలే ఎక్కువ కనిపించే ప్రమాదం ఉందని తరువాత గుర్తించారు. మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. పిల్లలు చదువుకు పట్టణానికి వెళ్లి రావాలంటే కాజ్‌వే, అంటే వరదకు మునిగే ఎత్తు తక్కువ దారి, దాటాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. కాజ్‌వే మీదికి నీరు ఎప్పుడు ఎక్కుతుందో మా రేవులో పడవ నడిపే ఆయన ఆ అంకెలు వినగానే చెప్పగలరు. ఆయన చేతిలో ఉన్నది మీటల ఫోను. మీ పటంలో ఆయన మాటకు చోటెక్కడ?

లాకుల వీధి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మీరు అన్నది నిజం. ఆ పని నాది కాదు. కానీ ఆ పెద్దాయన నీళ్లలో కొట్టుకుంటున్నప్పుడు అది ఎవరి పని అని నాకు తోచలేదు. నేను కార్యాలయాల పని చేస్తానని అనడం లేదు. వాళ్ల పని అయిందో లేదో చూస్తానంటున్నాను. అది రోజూ ఆ దారిన నడిచేవారికే సాధ్యం. పడవ నడిపే ఆయన మాట రెండో రోజునే కావాలి నాకు. రాయలేనివారి కోసం మాట రికార్డు చేసి పంపే ఏర్పాటు పెడదాం, విని రాసుకునేవాళ్లం మనం ఉంటాం.

తెల్లవారు నాలుగు | మంగళవారం, రాత్రి 8:10

మా అమ్మ రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. రొయ్యల తలలు తీసి, వలిచి, మంచులో పెట్టే పని. తెల్లవారుజామున నాలుగింటికి ఊరి చివర చింతచెట్టు దగ్గర బండి ఆగుతుంది. ఇరవై మంది దాకా ఆడవాళ్లు చీకట్లో ఒక్కొక్కరుగా నడిచి అక్కడికి చేరాలి. మీ అందరి మాటల్లో రాత్రి అంటే తొమ్మిది, పది గంటలు. మాకు రాత్రి అంటే మూడున్నర. ఆ వేళ కుక్కల గుంపులు ఉంటాయి, తాగి పడి ఉన్నవారు ఉంటారు, చలికాలంలో పొగమంచు ఉంటుంది. అందుకని పటంలో చోటుతోపాటు వేళ కూడా ఉండాలి.

నిన్న అమ్మను, మరో నలుగురిని కూర్చోబెట్టి అడిగాను. ఎక్కడ భయం అంటే ముందు ఎవరూ మాట్లాడలేదు. ‘ఏ దారిలో వెళ్లడం మానేశారు?’ అని అడిగాను. అప్పుడు అందరూ ఒక్కసారిగా చెప్పారు. గుడి వెనక సందు వదిలేసి చుట్టూ తిరిగి వస్తారట, అదనంగా పావుగంట నడుస్తారట. నాకు ఇన్నాళ్లూ తెలియదు. నా తల్లి రోజూ పావుగంట ఎక్కువ నడుస్తోందని నాకు తెలియదు.

వారిలో ముగ్గురివి మీటల ఫోన్లు. 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే 112కు పోయే ఏర్పాటు 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో ఉండాలని చదివి, వాళ్ల ఫోన్లు తెరిచి చూశాను. ఒకదానిలో ఉంది, రెండు పాత ఫోన్లలో లేదు. ఆ రెండింటిలో 112ను మొదటి నంబరుగా పెట్టి ఇచ్చాను.

దాళ్వా రైతు | బుధవారం, ఉదయం 5:40

ఈ పటంలో రోడ్డు మీద ధాన్యం రాశులు కూడా ఎక్కుతాయని తెలుసు కనుక నేనే ముందుగా రాస్తున్నాను. కోతలప్పుడు సగం తారురోడ్డు మాదే అవుతుంది. అంచున రాళ్లు పెడతాం, పట్టాలు కప్పుతాం. రాత్రి బండ్లవాళ్లు ఆ రాళ్ల మీద పడుతున్నారు. మా దగ్గరే ఒక కుర్రవాడికి కాలు విరిగింది. ఆ రాళ్లు నావి కావు, కానీ నావి కూడా కావచ్చు.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పేచీ. యంత్రంతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది. కళ్లాలు పోయాయి, ఇళ్ల స్థలాలు అయ్యాయి. ఎండబెట్టడానికి చోటు లేక రోడ్డు మీదికి వచ్చాం. మీ పటంలో ఎర్రచుక్క పెట్టి వదిలేస్తే రైతు దోషి అవుతాడు, ధాన్యం మాత్రం రోడ్డు మీదే ఉంటుంది. ఆ చుక్క పక్కనే దగ్గరలో ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డు, బడి ఆవరణ, చదును చేసిన స్థలం ఎక్కడుందో కూడా గుర్తించండి. రాళ్ల బదులు ఇసుక మూటలు పెట్టి, వాటికి మెరిసే పట్టీ చుట్టమని మా వీధివారికి నేను చెబుతాను. ఈ దాళ్వా (రెండో పంట) కోతలకే మొదలుపెడతాను.

రోడ్ల లెక్క | బుధవారం, రాత్రి 9:00

రైతు గారికి నమస్కారం. నేను సివిల్ ఇంజనీరింగు బోధిస్తాను. ఒక్క సంగతి చెప్పాలి, మన పటానికి అదే ప్రాణం అనుకుంటున్నాను.

జాతీయ రహదారి మీద ఏదైనా చోటును అధికారికంగా ప్రమాదకర స్థలమని ప్రకటించాలంటే దానికొక కొలత ఉంది. సుమారు 500 మీటర్ల పొడవులో మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. అంటే లెక్క మొదలయ్యేసరికి కొన్ని ఇళ్లలో దీపం ఆరిపోయి ఉంటుంది. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం మీదుగా వెళ్లే 216వ జాతీయ రహదారికి ఈ కొలత వర్తిస్తుంది. మన కాలువ గట్ల మీది సన్న రోడ్లకు అదీ లేదు.

మొన్న కాలువలో పడిన పెద్దాయన ఏ లెక్కలోనూ లేరు. కేసు లేదు, ఆసుపత్రిలో చేరలేదు, తడిసిన బట్టలతో ఇంటికి వెళ్లారు. ఆ చోటు ప్రమాదకరమని చెప్పే మొదటి సాక్ష్యం మాత్రం అదే. ‘కొద్దిలో తప్పింది’ అన్న మాట మనం ఇంట్లో చెప్పుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరచిపోతాం. నేను కోరేది అది రాయమని. బండి జారింది కానీ పడలేదు, లారీ తగలబోయి తప్పింది, గట్టు అంచు విరిగింది. పోలీసు రికార్డులో ఎప్పటికీ చేరని ఈ చిన్న సంగతులను జనం తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. పటంలో దీనికొక రంగు పెట్టండి.

కోర్టు వీధి | గురువారం, రాత్రి 7:45

న్యాయవాదిని. ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు, కానీ మొదలుపెట్టేముందు కొన్ని గీతలు గీసుకోవాలి.

పటంలో చోటు రాయండి, మనిషిని రాయవద్దు. ‘ఈ మలుపులో వెకిలి చేష్టలు’ అని రాయవచ్చు. ‘ఫలానా రంగు చొక్కా, ఫలానా ఇంటి కుర్రవాడు’ అని రాయకూడదు, ఫొటో అసలే పెట్టకూడదు. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు నేరస్థులను మేమే వెతుకుతామని ఇంటర్నెట్‌లో వేలమంది బయలుదేరి, ఏ పాపమూ ఎరుగని యువకుణ్ణి దోషిగా చూపించారు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో పిల్లల్ని ఎత్తుకుపోయేవారని అనుమానించి సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. ఆ ఏడాది ఆ పుకారు వాట్సాప్‌లో మన ఊళ్లకూ వచ్చింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది ఆ నెలలోనే. కొత్త మనిషి కనిపిస్తే పటంలో పెట్టమని ఎవరైనా అంటే నేను ఈ పనినుంచి తప్పుకుంటాను.

అత్యాచారం వంటి నేరంలో బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పేరు రాయకపోయినా వీధి, వేళ, ఉద్యోగం కలిపితే చిన్న ఊరిలో ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి దీపాలు, గుంతలు, రెయిలింగులు అందరికీ కనిపించే పొరలో ఉండాలి. వేధింపుల సమాచారం మూసిన పెట్టెలో ఉండాలి, బయటికి వీధి స్థాయిలో మాత్రమే చెప్పాలి. ఆడవారు ఒంటరిగా నడిచే వేళలు అసలు బయట పెట్టవద్దు. తెల్లవారు నాలుగు గారూ, మీరు రాసిన చెట్టు గుర్తు కూడా తీసేస్తే మంచిది తల్లీ.

కింద పడినవారిని లేపడానికి భయపడకండి. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తరువాత 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవారిని పేరు చెప్పమని గాని, సాక్ష్యానికి రమ్మని గాని బలవంతపెట్టకూడదు. కాలువలో దూకిన ఆ ట్రాక్టరు కుర్రవాడికి ఈ మాట చెప్పండి.

తెల్లవారు నాలుగు | గురువారం, రాత్రి 8:30

నిర్వాహకులకు రాశాను సార్, ఆ గుర్తు మార్చమని. నాకు తోచలేదు. ధన్యవాదాలు.

నిర్వాహకులు | గురువారం, రాత్రి 9:10

చెట్టు పేరు, బండి ఆగే చోటు మార్చాము. పైన ఇప్పుడు కనిపిస్తున్నవి అసలువి కావు.

కోటిలింగాల రేవు | శుక్రవారం, ఉదయం 7:00

2015 జూలై 14 ఉదయం నేను పుష్కర ఘాట్ దగ్గరలోనే ఉన్నాను. పుష్కరాల మొదటి రోజు. కనీసం 27 మంది ఆ తొక్కిసలాటలో పోయారు. దాని గురించి నేను ఎక్కువ రాయలేను. ఒక్కటి మాత్రం చెప్పాలి. వెనక ఉన్నవారికి ముందు ఏమవుతోందో తెలియదు, ముందున్నవారికి వెనక ఎంతమంది వస్తున్నారో తెలియదు. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. కొన్ని అడుగుల దూరంలో ఇంకో రేవు ఖాళీగా ఉందన్న మాట మాత్రం ఆ చేతులకు అందలేదు.

2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. కెమెరాలు, కంట్రోలు గదులు ప్రభుత్వం పెడుతుంది, పెట్టాలి. కానీ మెట్లు పాచిపట్టాయా, ఏ సందు వెడల్పుగా మొదలై ఇరుకుగా ముగుస్తుంది, బట్టలు మార్చుకునే గది నుంచి బయటికి దారి ఒకటేనా, వృద్ధులు ఎక్కడ కూలబడతారు, ఇవి రేవు పక్కన బతికేవాళ్లకు తెలుసు. పూలమ్మే అవ్వలను, పడవలవారిని, క్షురకులను ఇప్పుడే అడిగి రాసుకుందాం. దీపాల పటం అయ్యాక రేవుల పటం మొదలుపెడదాం. నేను మాట ఇస్తున్నాను.

పటాల బల్ల | శనివారం, సాయంత్రం 5:30

యూమ్యాప్‌లో పొరలు సిద్ధం. తెరిచిన పొరలో దీపాలు, గట్లు, రెయిలింగులు, రోడ్డు మీది అడ్డంకులు, ‘కొద్దిలో తప్పినవి’, ఎండబెట్టడానికి వీలైన స్థలాలు. వేధింపుల సమాచారం ఆ పటంలోకే రాదు. దాన్ని ముగ్గురు మహిళా సభ్యులు వేరే పుస్తకంలో రాసుకుంటారు. ఏ చుక్కనైనా ఇద్దరు వేర్వేరు మనుషులు చూసి చెబితేనే పటంలో నిలుపుతాను.

మహిళల భద్రతకు పోలీసుల యాప్ ఉండగా ఇదెందుకని కొందరు విడిగా అడిగారు. 2020 ఫిబ్రవరిలో దిశ యాప్‌ను మన రాజమహేంద్రవరంలోనే ప్రారంభించారు, తరువాత 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. శక్తిని ఫోనులో తప్పక పెట్టుకోండి. ఆపద వచ్చిన క్షణాన పోలీసులను పిలవడానికి అది. మనం వెతుకుతున్నది ఆ క్షణానికి ముందు సంగతి.

లాకుల వీధి | ఆదివారం, రాత్రి 9:45 (మూడు వారాల తరువాత)

ఆలస్యానికి మన్నించండి. మూడు ఆదివారాలు నడిచాము. మొదటి రోజు నలుగురం: నేను, పాత లైన్‌మన్ గారు, ఇద్దరు డిగ్రీ విద్యార్థినులు. రెండో వారం పదకొండు మంది వచ్చారు. ట్రాక్టరు నడిపే ఆ కుర్రవాడు కూడా వచ్చాడు.

లాకుల నుంచి చిన్న వంతెన దాకా స్తంభాలు ఇరవై మూడు. నంబరు చదవగలిగినవి తొమ్మిదే. మిగతావాటికి లైన్‌మన్ గారు వరుస చూసి నంబర్లు చెబితే విద్యార్థినులు తెల్లరంగుతో రాశారు, కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకున్నాకే. పద్నాలుగో స్తంభం దాకా వరుసగా దీపాలు లేవు, ఆపైన రెండు మూడు చోట్ల విడిగా ఆరాయి. స్విచ్ పెట్టె తలుపు ఊడిపోయి లోపల చీమలు పుట్ట పెట్టాయి. నెలన్నరగా అందరం దీపాల వైపు తల ఎత్తి చూశాం గాని ఆ పెట్టె వైపు ఎవరమూ చూడలేదు.

ఈసారి ఫిర్యాదులో పెట్టె ఫొటో, స్తంభాల నంబర్లు, ‘వరుస మొత్తం’ అన్న మాట రాశాము. కాగితం మీద కూడా రాసి నేరుగా ఇచ్చాము. అక్కడి ఉద్యోగి ఒకాయన చదివి, ‘ఇలా రాస్తే మాకూ తేలిక’ అన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. ఆ విభాగంలో ఊరంతటికీ ఇద్దరే పనివారట. అది తెలిశాక రెండో హెచ్చరిక గారి మాట మరోలా వినిపించింది. ఇద్దరితో ఊరంతా ఎలా చూస్తారని అడగడం కూడా మన పనే. వినతిపత్రంలో ఆ వాక్యం చేర్చాము.

ఆరో రోజు పెట్టె మార్చారు. పద్నాలుగు దీపాలూ వెలిగాయి. నిన్న రాత్రి ఆ దారిలో ఫోను దీపం లేకుండా నడిచాను. కాలువ ఎక్కడ మొదలవుతుందో కనిపించింది.

విడిగా ఆరిన మూడు దీపాలు ఇంకా అలాగే ఉన్నాయి. రెయిలింగుకు నిధులు లేవన్నారు. అందాకా గట్టు అంచున వరుసగా కర్రలు పాతి మెరిసే పట్టీలు అంటించడానికి నీటిపారుదల శాఖవారి అనుమతి అడిగాము, జవాబు రాలేదు. గుర్రపుడెక్క తీయించమని కూడా అడిగాము.

రెండో హెచ్చరిక | ఆదివారం, రాత్రి 10:20

మా పడవ ఆయన మాట రికార్డు చేసి పటాల బల్ల గారికి పంపాను. ఏ అడుగుకు ఏ కాజ్‌వే మునుగుతుందో ఏడు నిమిషాలు చెప్పారు. మొదటిసారి ఎవరో తనను అడిగారని రెండుసార్లు అన్నారు. ఆ జీతం తీసుకునేవారిని అడగడం మాత్రం ఆపకండి.

తెల్లవారు నాలుగు | సోమవారం, ఉదయం 6:15

గుడి వెనక సందు పుస్తకంలో ఎక్కింది. పోలీసు మహిళా సిబ్బంది ఒకరు రెండు తెల్లవారుజాముల్లో వచ్చి అమ్మవాళ్లతో నడిచారు. అమ్మ ఇంకా చుట్టుదారినే వెళ్తోంది. ‘ఇంకో నాలుగు రోజులు చూద్దాం’ అంటోంది. నేను తొందరపెట్టడం లేదు.

పాత లైన్‌మన్ | సోమవారం, ఉదయం 6:30

మిగిలిన మూడు దీపాలు 16, 19, 22. పదహారోది ఆరి ఉండడం కాదు, మినుకుమంటోంది. దానిలో తీగ కలిసే చోటు వదులై ఉండవచ్చు, వాన పడితే పూర్తిగా పోతుంది. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకు లాకుల దగ్గర ఉంటాను. నిచ్చెన ఎవరూ తేవద్దు, స్తంభం ఎవరూ ఎక్కవద్దు. కాగితం, పెన్ను తెండి.

దాళ్వా రైతు | సోమవారం, ఉదయం 6:40

నేనూ వస్తాను. మెరిసే పట్టీ రెండు చుట్టలు నా దగ్గర మిగిలాయి.